చేప పొట్ట కోసి చూస్తే మేత లెక్క కనిపిస్తుంది

పట్టుబడి రోజున పది చేపల్ని పక్కకు తీసి కోసి చూడటం నాకు ఆరేళ్లుగా అలవాటు. ముందు చేపని తూస్తాను. తర్వాత పొట్ట చీల్చి కాలేయాన్ని ఒకవైపు, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వుని ఇంకోవైపు తీసి చిన్న త్రాసు మీద పెడతాను. అంకెలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను. అందులో నాలుగేళ్ల కిందటి పేజీ తెరిస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ పేజీలో మొదటి చేప 1,120 గ్రాముల పంగాసియస్, అంటే నేను చెరువుల్లో పెంచే క్యాట్‌ఫిష్ జాతి చేప. పేగుల కొవ్వు 64 గ్రాములు, కాలేయం 28 గ్రాములు. అంతకుముందు ఏడాది దాదాపు అదే బరువున్న చేపలో కొవ్వు 26 గ్రాములు, కాలేయం 18 గ్రాములు. కాలేయం ముదురు ఎరుపులో ఉండాలి. ఇది పాలిపోయి పసుపు తిరిగింది, ముట్టుకుంటే వేళ్లకు జిడ్డు అంటుకుంది. మిగతా తొమ్మిది చేపల్లోనూ ఇంచుమించు ఇదే పరిస్థితి. బయట నుంచి చూస్తే మాత్రం నిగనిగలాడుతూ, బొద్దుగా, ఎవరైనా మెచ్చుకునేలా ఉన్నాయి. కొన్నాయన ముక్కలు కోయించుకున్నాక, పొట్టలో పోయే బరువే ఎక్కువగా ఉందని బాధపడ్డాడు. ఆయన మాట నిజమే.

ఆ కొవ్వు పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో చెప్పాలంటే అంతకుముందు ఏడాది నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది నేను ప్రొటీన్‌ని నమ్మాను. సంచి మీద ఎంత పెద్ద అంకె ఉంటే అంత మంచి మేత అనుకునేవాడిని. చేప ఒళ్లంతా ప్రొటీనే కదా, ఎంత ఎక్కువ పెడితే అంత త్వరగా పెరుగుతుందని నా లెక్క. అరకిలో దాటిన చేపలకి కూడా 35 శాతం ప్రొటీన్, 4 శాతం కొవ్వు ఉన్న తేలే మేత వేశాను. రెండున్నర ఎకరాల చెరువులో మేత రోజుకి 180 కిలోలకి చేరేసరికి నీళ్లు చిక్కటి పచ్చగా మారాయి. మధ్యాహ్నం పూట చేపలు మేత దగ్గరికి వచ్చి, నోరు పెట్టకుండానే వెనక్కి తిరిగేవి. పరీక్ష చేయిస్తే అమ్మోనియా. ఆ పది రోజులు నేను పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. మేత ఆపేసి, నీళ్లు మార్చి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు పగలు కూడా తిప్పి గట్టెక్కించాను. పంగాసియస్ పైకొచ్చి గాలి పీల్చగలదు కాబట్టి ఆక్సిజన్ తగ్గితే కొంత ఓర్చుకుంటుంది. అమ్మోనియా విషయంలో దానికి ఆ వెసులుబాటు లేదు.

ఆ అమ్మోనియా ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. మీరూ వేసి చూడండి, పెద్ద చదువు అక్కర్లేదు. ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్ ఉంటుంది. 100 కిలోల మేతలో 35 కిలోల ప్రొటీన్ అంటే 5.6 కిలోల నైట్రోజన్. నా ఎఫ్‌సీఆర్ (కిలో చేప పెరగడానికి పట్టిన మేత కిలోలు) 1.6, అంటే ఆ 100 కిలోల మేతకి 62.5 కిలోల చేప పెరిగింది. చేప ఒంట్లో ప్రొటీన్‌ని 16 శాతంగా తీసుకుంటే 10 కిలోల ప్రొటీన్, అంటే 1.6 కిలోల నైట్రోజన్ చేపలో నిలిచింది. మిగతా 4 కిలోలు చెరువులోకే. రోజుకి 180 కిలోలు వేస్తున్నప్పుడు 7 కిలోలకి పైగా నైట్రోజన్‌ని నా చేతులతో నేనే నీళ్లలో కలుపుతున్నానన్న మాట. అదే ఎఫ్‌సీఆర్ 28 శాతం మేతతో వచ్చి ఉంటే, 100 కిలోలకి చెరువులో పడేది 2.9 కిలోలే.

ఒంట్లో జరిగేది ఇది. చేప తిన్న ప్రొటీన్ అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటిలో కొన్నిటితో కండ కడుతుంది. మిగిలినవాటిని దాచుకునే గది శరీరంలో లేదు. కొవ్వుని దాచుకోవచ్చు, పిండిపదార్థాన్ని కాస్త గ్లైకోజెన్‌గా పెట్టుకోవచ్చు, అమైనో ఆమ్లాలకి మాత్రం ఆ ఏర్పాటు లేదు. కాబట్టి మిగిలినదాన్ని కాల్చి శక్తిగా వాడుకుంటుంది, లేదా కొవ్వుగా మారుస్తుంది. అలా చేసేటప్పుడు ఊడిపోయే నైట్రోజన్ అమ్మోనియాగా మొప్పల నుంచి బయటికి పోతుంది. ఈత కొట్టడానికీ, ఊపిరికీ, అరుగుదలకీ చేపకి శక్తి కావాలి. ఆ శక్తి కొవ్వు నుంచో పిండి నుంచో దొరక్కపోతే ప్రొటీన్‌నే తగలబెడుతుంది. కండ కోసం నేను కొన్న అన్నిటికంటే ఖరీదైన సరుకు పొయ్యిలో కట్టెగా కాలిపోతోంది, పైగా దాని పొగ చెరువు నీళ్లలోకే వస్తోంది.

ఆ పొగ ఎంత విషం అన్నది నీటి పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె) మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే. పీహెచ్ 8 దగ్గర అది 5 శాతం దాటుతుంది, 9 దగ్గర మూడో వంతు దాటుతుంది. నాచు దట్టంగా పట్టిన చెరువులో ఎండ ముదిరేకొద్దీ పీహెచ్ ఎక్కుతుంది. నా చేపలు మధ్యాహ్నమే మేత వదలడానికి కారణం అదే.

మరి ఇంత తెలిసినా చేప మేతలో అంత ప్రొటీన్ ఎందుకు పెడతారు? కోళ్ల మేతలో 20 శాతం దగ్గర ఉంటే, చేపలకి 28 నుంచి 45 దాకా ఎందుకు పోతారు? చాలాకాలం నాకు ఇది అర్థం కాలేదు. చేపకి ప్రొటీన్ ఆకలి ఎక్కువ అనుకునేవాడిని. అసలు కిటుకు శక్తిలో ఉంది. కోడి తన ఒంటిని 41 డిగ్రీల వేడిలో నిలబెట్టుకోవాలి. చేప చుట్టూ ఉన్న నీళ్లు ఎంత ఉంటే అంతే ఉంటుంది. కోడి నైట్రోజన్‌ని యూరిక్ ఆమ్లంగా మార్చి బయటికి పంపాలి, దానికీ శక్తి ఖర్చే. చేప మొప్పల్లోంచి అమ్మోనియాని అలాగే వదిలేస్తుంది. నీళ్లు మోస్తాయి కాబట్టి బరువు నిలబెట్టుకునే శ్రమా తక్కువే. మొత్తం మీద చేపకి శక్తి అవసరం చాలా తక్కువ. కిలో ఒళ్లు చేయడానికి కావలసిన ప్రొటీన్ గ్రాముల్లో రెండిటికీ మరీ పెద్ద తేడా లేదు. శక్తి కోసం తినాల్సిన మేత తగ్గిపోవడంతో ఆ కొంచెం మేతలోనే ప్రొటీన్ ఇరుక్కోవాలి, అందుకే శాతం పెద్దగా కనిపిస్తుంది. ఇది తెలిశాక సంచి మీద అంకెని నేను చూసే తీరే మారిపోయింది. ఒక్క గ్రాము ప్రొటీన్ పక్కన ఎంత శక్తి ఉంది? అసలు అడగాల్సిన ప్రశ్న అది.

ఇక్కడిదాకా సరిగ్గానే అర్థం చేసుకున్నాను. ఆ తర్వాతే తప్పటడుగు వేశాను.

ప్రొటీన్ కాలకుండా కాపాడాలంటే కొవ్వు పెట్టాలి, నిజమే. గ్రాము కొవ్వులో 9 కిలో కేలరీలు, ప్రొటీన్‌లోనూ పిండిలోనూ 4. మేతలో కాస్త కొవ్వు పెంచితే చేప దాన్ని కాల్చుకుని ప్రొటీన్‌ని కండకి వదిలేస్తుంది. దీనికి ఎన్నో జాతుల చేపల్లో రుజువులున్నాయి. కొంచెం పెడితే మంచిదైనప్పుడు ఎక్కువ పెడితే ఇంకా మంచిదని నేననుకున్నాను. మరుసటి ఏడాది 28 శాతం ప్రొటీన్, 5 శాతం కొవ్వు ఉన్న మేత తెచ్చి, ప్రతి 100 కిలోలకి 5 కిలోల చేప నూనె నేనే కలిపి పట్టించాను.

మొదటి పొరపాటు కూడికలోనే ఉంది. 100 కిలోలకి 5 కిలోలు కలిపితే మేత 105 కిలోలు అవుతుంది. కొవ్వు 5 నుంచి 9.5 శాతానికి పెరిగింది, బాగానే ఉంది. ప్రొటీన్ మాత్రం 28 నుంచి 26.7కి పడిపోయింది. నూనె కలుపుతున్నప్పుడు ప్రొటీన్‌ని పలచన చేస్తున్నానన్న ఆలోచనే నాకు రాలేదు.

రెండో పొరపాటు చేప ఆకలిని లెక్కలోకి తీసుకోకపోవడం. ఒంటికి సరిపడా శక్తి అందితే చేప చాలావరకు తినడం తగ్గిస్తుంది. నూనె కలపక ముందు ఆ చెరువులో రోజుకి 210 కిలోలు తినేవి. రెండు వారాల్లో 185కి దిగింది. మేత ఆదా అవుతోందని నేను సంతోషించాను. ఇప్పుడు లెక్క చూస్తే, 210 కిలోల్లో చేపలకి అందిన ప్రొటీన్ 58.8 కిలోలు. 185 కిలోల నూనె మేతలో అందింది 49.4. చేపలు పెద్దవవుతున్న రోజుల్లో, ప్రొటీన్ పెరగాల్సిన సమయంలో, రోజుకి 9 కిలోలకి పైగా కోత పడింది. కండ కట్టడానికి సరుకు చాలలేదు, కొవ్వు మాత్రం దండిగా ఉంది. అది పేగుల చుట్టూ, కాలేయంలో చేరింది. బరువు పెరిగింది కాబట్టి నెలనెలా వల వేసి తూసినప్పుడు నాకు ఏమీ తెలియలేదు. త్రాసుకి కండ, కొవ్వు తేడా తెలియదు.

రెండేళ్ల మేతల్నీ ఒకే కొలమానంతో పక్కపక్కన పెట్టి చూశాను. ఉజ్జాయింపుగా 4, 9, 4 లెక్కతో, అరిగే పిండిపదార్థాన్ని 35 శాతం ప్రొటీన్ మేతలో 25 శాతంగా, 28 శాతం మేతలో 30 శాతంగా తీసుకున్నాను. మొదటి ఏడాది మేతలో కిలోకి సుమారు 2,760 కిలో కేలరీలు, అంటే గ్రాము ప్రొటీన్‌కి 7.9. నూనె కలపని 28 శాతం మేతలో కిలోకి 2,770, గ్రాముకి 9.9. నేను నూనె పోసి పాడుచేసిన మేతలో కిలోకి 3,070కి దగ్గర, గ్రాముకి 11.5. అమెరికాలో పెంచే ఛానెల్ క్యాట్‌ఫిష్ మీద దశాబ్దాలుగా జరిగిన పనిలో గ్రాము ప్రొటీన్‌కి 8.5 నుంచి 10 కిలో కేలరీల అరిగే శక్తి మంచిదని తేలింది. పంగాసియస్ వేరే కుటుంబం చేప, నా లెక్కా మోటు లెక్కే, కాబట్టి ఆ హద్దుని అక్షరాలా పట్టుకోను. కానీ ఒక ఏడాది హద్దుకి ఇవతల, మరుసటి ఏడాది అవతల నిలబడ్డానని ఆ మూడు అంకెలు చూస్తే చాలు. నేను ఏమీ కలపకుండా వదిలేసి ఉంటే సరిగ్గా ఉండేదన్న సంగతి అన్నిటికంటే బాధ కలిగించింది.

ఇంకొకటి కూడా ఉంది. ఆ నూనె డ్రమ్ము రేకుల షెడ్డులో ఎండ తగిలే చోట పెట్టాను. నెలన్నర తర్వాత మూత తీస్తే ఘాటు కంపు. చేప నూనెలో అసంతృప్త కొవ్వులు ఎక్కువ, వేడికీ గాలికీ త్వరగా ముక్కిపోతుంది. ముక్కిన కొవ్వు చేప ఒంట్లోని విటమిన్ ఇని ఖర్చు చేసేస్తుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆ పసుపు రంగు కాలేయాల్లో దీని పాత్ర కూడా ఉందని నా గట్టి నమ్మకం. ఇప్పుడైతే కంపు కొట్టిన మేతని చెరువు గట్టు మీదికి కూడా రానివ్వను.

నూనె ఎక్కువ పెట్టడమే నేరమనుకుంటే అదీ తప్పే. సాల్మన్‌ని చూడండి. పెద్ద సాల్మన్ మేతలో కొవ్వు 35 శాతం దాకా పెడతారు, ప్రొటీన్ కూడా ఇంచుమించు అంతే. నా చేపకి ఆ మేత వేస్తే పొట్ట పగిలిపోతుంది. సాల్మన్ దూర ప్రయాణాలు చేసే చేప, కొవ్వుని కండలోనే పెట్టుకుని, అదే ఇంధనంగా బతుకుతుంది. పిండిపదార్థాన్ని మాత్రం సరిగ్గా వాడుకోలేదు. సాధారణ కార్పు, రోహు, తిలాపియా దీనికి పూర్తిగా భిన్నం, ఉడికిన పిండిని బాగానే అరిగించుకుంటాయి. వాటికి శక్తిలో చాలా భాగం పిండి నుంచే ఇవ్వొచ్చు, కొవ్వు 5, 6 శాతం ఉన్నా నడుస్తుంది. యంత్రంలో ఆవిరితో ఉబ్బించిన గుళికలో పిండి ఉడికిపోతుంది కాబట్టి పచ్చి పిండి కంటే బాగా అరుగుతుంది. ఏ చేపకి ఏ ఇంధనం పడుతుందో తెలియకుండా ఇంకొకరి మేత సూత్రాన్ని ఎత్తుకొస్తే నష్టమే.

సాల్మన్ గురించి చెప్పినప్పుడల్లా నార్వే కథ గుర్తొస్తుంది. 1990లో అక్కడి సాల్మన్ మేతలో చేపపొడి 65 శాతం, చేప నూనె 24 శాతం. 2013 నాటికి చేపపొడి 18, నూనె 11కి దిగాయి. ఆ ఖాళీని సోయా ప్రొటీన్, రేప్‌సీడ్ నూనె లాంటివి నింపాయి. చేపలు పెరుగుతూనే ఉన్నాయి. చేపకి చేపపొడే కావాలని రూలేమీ లేదు, అందులో ఉన్న అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలు కావాలి. ఇది నాకు ఎంతో ధైర్యం ఇచ్చిన సంగతి. సముద్రాన్ని వడకట్టి చెరువుని పోషించడం ఎల్లకాలం సాగదు.

అమైనో ఆమ్లాల మాట వచ్చింది కాబట్టి, ప్రొటీన్ అంకె ఎంత మోసం చేయగలదో కూడా చెప్పాలి. ప్రయోగశాలలో కొలిచేది నైట్రోజన్‌ని. దాన్ని 6.25తో గుణిస్తే వచ్చేదే సంచి మీద ప్రొటీన్. ఆ నైట్రోజన్ మంచి ప్రొటీన్‌దా, యూరియాదా అన్నది ఆ పరీక్షకి తెలియదు. 2007లో ఉత్తర అమెరికాలో పెంపుడు జంతువుల మేతలో మెలమైన్ అనే నైట్రోజన్ ఎక్కువున్న పారిశ్రామిక రసాయనం బయటపడింది కూడా ఈ సందు వల్లే. కల్తీ లేకపోయినా తేడా ఉంటుంది. చేపకి తప్పనిసరిగా మేతలోనే అందాల్సిన అమైనో ఆమ్లాలు పది. వేరుశనగ చెక్కలో లైసిన్, మెథియోనిన్ తక్కువ. సోయాలో లైసిన్ బాగానే ఉంటుంది, మెథియోనిన్ చాలదు. ఏ ఒక్కటి తక్కువైనా, మిగతా తొమ్మిదీ ఎంత ఉన్నా కండ అక్కడే ఆగిపోతుంది. ఆగిపోయినవన్నీ మళ్లీ పొయ్యిలోకే, మళ్లీ అమ్మోనియాగా నీళ్లలోకే. లైసిన్ తక్కువున్న 32 శాతం మేత కంటే అన్నీ సరిపడా ఉన్న 28 శాతం మేతతో చేప బాగా పెరగడం అందుకే.

కొవ్వు అంకెకీ ఇలాంటి తిరకాసే ఉంది. ఉబ్బించిన గుళికల్లో కొంత కొవ్వు పిండితో పెనవేసుకుపోతుంది. ఈథర్‌లో కొవ్వుని కరిగించి కొలిచే మామూలు పరీక్షకి అది దొరకదు, కొవ్వు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ముందు ఆమ్లంతో విడగొట్టి కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. మేత పరీక్షకి పంపేటప్పుడు ఏ పద్ధతిలో కొలుస్తున్నారో నేను తప్పకుండా అడుగుతాను.

కొవ్వులో రకం కూడా చూడాలి. శక్తి కోసమైతే ఏ నూనైనా ఫరవాలేదు. కొన్ని కొవ్వు ఆమ్లాలు మాత్రం చేప తనంతట తాను తయారు చేసుకోలేదు. కార్పుకి లినోలిక్, లినోలెనిక్ ఆమ్లాలు రెండూ మేతలో చెరో శాతం దాకా అందాలి. తిలాపియాకి ముఖ్యంగా ఒమేగా 6 రకం కావాలి. సముద్రపు మాంసాహార చేపలకైతే చేప నూనెలో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా 3 కొవ్వు ఆమ్లాలు నేరుగా ఇవ్వాల్సిందే. అందుకే నూనెలో చాలా భాగం మార్చేసినా కొంచెం చేప నూనె ఉంచుతారు, లేదా పట్టుబడికి ముందు కొన్ని వారాలు చేప నూనె మేతకి మారుస్తారు.

ఇప్పుడు నా చెరువుల్లో శాతాలు చేప సైజుతో పాటు దిగుతాయి. వేలెడు పిల్లలకి 40కి పైగా, 50 గ్రాములు దాటాక 32, 200 దాటాక 28. కొవ్వు 6 దగ్గర నిలిపాను. నూనె డబ్బా పట్టుకుని గట్టు మీదికి వెళ్లడం మానేశాను. గుళిక తయారయ్యాక యంత్రంలో పైపూతగా వేసే నూనె వేరు, చేత్తో నేను కలిపింది వేరు. నా నూనె సగం చెరువు మీద తెట్టుగా తేలేది. నీళ్లు చల్లబడి ఆకలి మందగించిన రోజుల్లో శాతాలతో ఆడుకోను, మేతే తగ్గిస్తాను.

కోసి చూడటం కూడా పట్టుబడి దాకా ఆపడం లేదు. 400 గ్రాముల దగ్గర ఒకసారి, 700 దగ్గర ఒకసారి చూస్తున్నాను. పది చేపల ప్రాణం పోతుంది, దానికి నాకు బాధే. చెరువంతా లోలోపల జబ్బుపడటం కంటే ఇది నయమని ఒప్పుకున్నాను.

ఈసారి రెండు చెరువుల్లో రెండు మేతలు. మొదటిదానిలో 28 శాతం ప్రొటీన్, 6 శాతం కొవ్వు. రెండోదానిలో ప్రొటీన్ 26కి దించి, కొవ్వు అంతే ఉంచి, లైసిన్, మెథియోనిన్ విడిగా కలిపించాను. పోయిన వారం కోశాను. మొదటి చెరువు చేప సగటున 410 గ్రాములు, కాలేయం 7, కొవ్వు 11. రెండో చెరువుది 402 గ్రాములు, కాలేయం 7, కొవ్వు 14. రెండు చెరువుల్లోనూ కాలేయం ముదురు ఎరుపే. అమ్మోనియా మాత్రం రెండోదానిలో తక్కువగా ఉంది. ఆ మూడు గ్రాముల కొవ్వు తేడా పెరుగుతుందా, అక్కడే ఆగుతుందా అన్నది 700 గ్రాముల దగ్గర మళ్లీ కోసినప్పుడు చూస్తాను. పెరిగితే రెండో చెరువు మేతలో కొవ్వు ఒక శాతం తగ్గిస్తాను.